తలల లెక్క

“మెడలో గొలుసు తీసి బీరువాలో పెట్టెయ్యమ్మా. జడ వద్దు, ముడి చుట్టుకో. ఐడీ కార్డు మెడకి తగిలించుకోకు, జేబులో వేసుకో.”

మధ్యాహ్నం డ్యూటీ ముగించుకుంటున్న సీనియర్ సిస్టర్ రిపోర్ట్ బుక్కులో రాసుకుంటూనే చెబుతుంది. రాత్రి ఎనిమిది కావస్తోంది. జిల్లా ఆస్పత్రి సర్జికల్ వార్డు నుంచి బదిలీ మీద మీరు ఈ ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వచ్చారు. ఇవాళే మొదటి నైటు. ఆడవాళ్ల వార్డు, అందులోనూ ఏళ్లకేళ్లుగా ఉండిపోయినవాళ్ల వార్డు. హైదరాబాదులో ఎర్రగడ్డ అనీ, విశాఖలో చినవాల్తేరు అనీ నవ్వుతూ ఎవరినైనా వెక్కిరిస్తారే, అలాంటి చోటు. బదిలీ ఆర్డరు వచ్చిన రోజున మీ ఇంట్లో కూడా ఎవరో ఆ నవ్వే నవ్వారు. మీకు నవ్వు రాలేదు, భయమేసింది.

సిస్టర్ ఎడమ ముంజేతి మీద అర్ధచంద్రాకారంలో పళ్ల గాటు ఉంది. మీరు చూస్తున్నారని ఆమె గమనిస్తుంది. “పాతదిలే. ఆ రోజు ఆవిడ నన్ను కరవలేదు. నా వెనకాల ఆవిడకి కనిపించినవాణ్ని కరిచింది. ఇప్పుడు నాకు మల్లెపూలు కట్టిస్తుంది. పద.”

వార్డుకు రెండు ఇనప తలుపులు. మొదటిది దాటి, వెనక్కి తాళం వేశాకే రెండోది తీయాలి. లోపలి నుంచి ఫినాయిలు, కొబ్బరినూనె, రెక్సిన్ పరుపుల తడి కలిసిన వాసన వస్తుంది. సర్జికల్ వార్డులో ఉండే మూలుగులు లేవు. సెలైన్ స్టాండ్లు లేవు. మంచాల పక్కన పళ్ల సంచులు పట్టుకుని కూర్చునే చుట్టాలూ లేరు. పొడవాటి హాలు, రెండు వరసల మంచాలు, పైన వైరు బుట్టల్లాంటి జాలీల్లో బిగించిన ఫ్యాన్లు. ఒకామె గోడ వెంబడి అటూ ఇటూ నడుస్తోంది. ఇంకొకామె మీ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని అడుగుతుంది, “మా తమ్ముడొచ్చాడా?”

ఏం చెప్పాలో తోచక సిస్టర్ వైపు చూస్తారు. “ఇవాళ రాలేదమ్మా. అన్నం తిన్నావా?” అని ఆవిడే అంటుంది. వచ్చాడని అబద్ధం చెప్పదు, ఇక రాడనీ అనదు. ఆ ప్రశ్న రోజూ అడుగుతుందనీ, ఆ జవాబు రోజూ అలాగే చెప్పాలనీ తర్వాత తెలుస్తుంది.

లెక్క మొదలవుతుంది. రిజిస్టరులో నలభై రెండు. మీరు మంచాల వరసన నడుస్తూ లెక్కపెడతారు. నలభై ఒకటి వస్తుంది. మళ్లీ మొదలుపెట్టినా నలభై ఒకటే. గుండె జారుతుంది.

“మంచాలు కాదు సిస్టర్, మొహాలు లెక్కపెట్టాల,” అంటుంది ఎఫ్‌ఎన్‌ఓ. ఆడ నర్సింగ్ ఆర్డర్లీ అన్నమాట. వార్డంతా ఆమెను అక్క అంటుంది. ఇరవై ఏళ్లు దాటిందట ఇదే వార్డులో. ఆమె వంగి పదకొండో మంచం కింద టార్చి వేస్తుంది. అక్కడ మడతపెట్టిన దుప్పటి మీద ఒక ముసలమ్మ ముడుచుకుని పడుకుని ఉంది. “ఈవిడ పైన పడుకోదు. ప్లాట్‌ఫారమ్మీద ఏళ్లు గడిపిన మనిషి. ఎత్తు మీద పడుకుంటే కింద పడిపోతానని భయం. మంచం మీద పడుకోబెడితే రాత్రంతా కూకుని ఉంటాది.” కేస్ షీట్ తీసి చూస్తారు. అందులో మందులున్నాయి, రక్తపరీక్షలున్నాయి. మంచం కింద నిద్ర గురించి ఒక్క ముక్కా లేదు.

సిస్టర్ వెళ్లబోతూ చివరి మాట చెబుతుంది. “పన్నెండుకి, రెండుకి, నాలుక్కి, ఆరుకి లెక్క చూడు. దుప్పటి కప్పుకున్న ఆకారాన్ని లెక్కలో వేసుకోకు. ఊపిరి ఆడటం చూడు. తాళాల గుత్తి బల్ల మీద పెట్టొద్దు, నడుముకే ఉండాలి. కరెంటు పోయినా, పొగ కనిపించినా ముందు వెనక తలుపు తియ్యి. ఏ తాళానికి ఏ చెవో చీకట్లో చేత్తో తడిమి తెలుసుకో, ఇప్పుడే ప్రాక్టీసు చెయ్యి.”

ఈ చివరి మాట వెనకాల ఒక తెల్లవారుజాము ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గా దగ్గర ప్రైవేటుగా నడుస్తున్న ఒక మానసిక రోగుల ఆశ్రమంలో పూరిపాక అంటుకుంది. లోపలివాళ్ల కాళ్లకు గొలుసులున్నాయి. పరుగెత్తడానికి వీల్లేక 28 మంది చనిపోయారు. మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. కానీ తాళం వేసిన వార్డులో రాత్రంతా కూర్చునే నర్సుకు ఏర్వాడి చట్టంలోని ఒక సెక్షన్‌లా గుర్తుండదు. నడుము దగ్గర తాళాల బరువులా గుర్తుంటుంది. మీరు కళ్లు మూసుకుని తాళంచెవులు తడుముతారు. పొడవాటి మెడ ఉన్నది వెనక తలుపుది. పళ్లు అరిగినది బాత్రూముల వైపుది.

తొమ్మిదికి మందుల రౌండ్. ఇక్కడ మీ సర్జికల్ వార్డు అలవాట్లు పనికిరావని పది నిమిషాల్లో అర్థమవుతుంది. మంచం నంబరు నమ్మడానికి లేదు, మంచాలు మార్చుకుంటారు. పేరు పిలిచి ఇవ్వడానికీ లేదు, ఏ పేరు పిలిచినా “ఆఁ” అని చెయ్యి చాపే మనిషి ఒకామె ఉంది. ఆమె చేతిలో ఇంకొకరి లిథియం పడితే ప్రమాదం. కేస్ షీటు మీద ఫొటో చూసి, మొహం చూసి, అక్కను అడిగి, అప్పుడు మాత్ర. గ్లాసుతో నీళ్లు. తాగాక “నోరు తెరువమ్మా, నాలుక ఎత్తు.” దవడ పక్కన దాచేవాళ్లున్నారు. దాచిన మాత్రలు పోగేసి ఒకేసారి మింగినవాళ్ల కథలు ప్రతి పాత సిస్టర్ దగ్గరా ఉంటాయి.

దాచేవాళ్లను కసురుకోవాలనిపిస్తుంది. కాస్త ఆగి వాళ్ల చేతులు చూడండి. ఆ వణుకు, ఆ కాళ్లు ఒకచోట నిలవలేని తహతహ, బిగుసుకుపోయిన నడక, దిండు తడిసేలా కారే చొంగ. ఇవన్నీ జబ్బువి కావు, చాలావరకు మందువి. 1950ల్లో క్లోర్‌ప్రొమజీన్ అనే మందు వచ్చాక ప్రపంచమంతటా ఇలాంటి వార్డుల్లో కేకలు తగ్గాయి. తలుపులు తీయడం సాధ్యమైంది. అది చిన్న మేలు కాదు. దానికి మూల్యం మాత్రం ఈ శరీరాలే చెల్లించాయి, చెల్లిస్తున్నాయి. పోయిన వారం పక్క వార్డులో కొత్తగా చేరిన ఒక అమ్మాయికి హాలోపెరిడాల్ ఇచ్చిన మర్నాడు మెడ ఒక పక్కకు మెలిపడి, కనుగుడ్లు పైకి తేలిపోయాయట. తోడున్న తల్లి దయ్యం పట్టిందని నేల మీద పడి ఏడ్చింది. సిస్టర్ ఫెనర్గన్ ఇంజెక్షన్ చేసి, అమ్మాయి తల తన ఒళ్లో పెట్టుకుని, ఇది మందు చేసిన పని, ఇప్పుడే సర్దుకుంటుందని తల్లికీ కూతురికీ చెబుతూ కూర్చుంది. అరగంట గడిచేలోపు మెడ నిటారైంది. తల్లి సిస్టర్ కాళ్లు పట్టుకోబోయిందని అక్క చెబుతుంది.

ఇరవై మూడో మంచం దగ్గర కేస్ షీటు మీద పేరు ఉండాల్సిన చోట ‘తెలియదు’ అని ఉంది. రైల్వే పోలీసులు స్టేషన్లో దొరికిందని తీసుకొచ్చిన మనిషి. నెలలపాటు ఒక్క మాట లేదు. తెలుగు, హిందీ, ఒడియా, బెంగాలీ అన్నీ అయ్యాయి. మూగదనే అనుకున్నారు. అప్పుడు ఒడిశా నుంచి పోస్టింగుకు వచ్చిన నర్సింగు విద్యార్థిని ఒకమ్మాయి మాత్రలు అరచేతిలో పెడుతూ ఊరికే లెక్కపెట్టింది, “మిత్, బార్, పే...” ఆమె తలెత్తి “పోన్” అంది. నాలుగు. సంతాలీ. ఆ ఒక్క అంకె పట్టుకుని ఇప్పుడు మయూర్‌భంజ్ జిల్లా దాకా ఫోన్లు వెళుతున్నాయి. ఇంకా జవాబు రాలేదు. కానీ ఆ రోజు నుంచి ఈ వార్డులో నర్సులందరికీ సంతాలీలో ఐదు దాకా వచ్చు. మీరూ నేర్చుకుంటారు. మీరు “మిత్” అనగానే ఆమె పెదవులు కదులుతాయి.

పన్నెండు దాటాక హాలు నెమ్మదిస్తుంది. గోడ వెంట నడిచే ఆమె ఇంకా నడుస్తూనే ఉంది. ఆమెను పడుకోమని బలవంతపెట్టొద్దని, రెండింటి ప్రాంతంలో తానే పడుకుంటుందని అక్క చెబుతుంది. స్టూళ్లు లాక్కుని బల్ల దగ్గర కూర్చుంటారు ఇద్దరూ. మీరు అడగలేక అడుగుతారు, “వీళ్లలో బాగైపోయినవాళ్లు ఎందరక్కా?”

“సగం మందికి పైనే బాగున్నారు. మందు మింగుకుంటా ఇంట్లో ఉండగలరు. తీసికెళ్లేవోళ్లు లేరు.”

తెచ్చి చేర్చినరోజు ఇచ్చిన అడ్రసు తప్పు. ఫోన్ నంబరు వాడుకలో లేదు. ఒకామె భర్త మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఒకామె పేరున ఎకరంన్నర పొలం ఉంది, ఆమె తిరిగి రావడం అన్నలకు ఇష్టం లేదు. ఒకామె తల్లి ప్రతి సంక్రాంతికీ బస్సెక్కి వచ్చేది. నాలుగేళ్లుగా రావడం లేదంటే ఏమైందో అందరికీ తెలుసు, కూతురికి మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. మగవాళ్ల వార్డులోనూ ఇలాంటివి ఉంటాయి. అయినా అక్కడికి భార్యలు వస్తారు, తల్లులు వస్తారు, టిఫిన్ క్యారియర్లు వస్తాయి. ఆడవాళ్ల వార్డుకు విజిటర్స్ రిజిస్టరులో పేజీలు నిండవు.

ఇది ఈ ఒక్క ఆస్పత్రి సంగతి కాదు. 2019లో 24 రాష్ట్రాల్లోని 43 ప్రభుత్వ మానసిక వైద్యశాలలను పరిశీలించినప్పుడు, లోపల ఉంటున్నవాళ్లలో మూడో వంతుకు పైగా ఏడాదికి మించి అక్కడే ఉన్నారని తేలింది. కుటుంబం లేదనో, కుటుంబం ఒప్పుకోలేదనో, ఇల్లు లేదనో ఆ కారణంగా మాత్రమే ఎవరినీ మానసిక వైద్యశాలలో ఉంచకూడదని 2017 చట్టంలోని 19వ సెక్షన్ చెబుతోంది. 2017లోనే గౌరవ్ బన్సల్ కేసులో, నయమైనా వెళ్లే చోటు లేక ఆస్పత్రుల్లో మగ్గుతున్నవాళ్ల కోసం పునరావాస గృహాలు కావాలని సుప్రీంకోర్టు ప్రభుత్వాలకు గట్టిగా చెప్పింది. బ్రిటిష్ వాళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలో మద్రాసు, కాలికట్, వాల్తేరుల్లో పిచ్చాసుపత్రులు కట్టినప్పుడు ఊరికి దూరంగా, ఎత్తయిన గోడలతో కట్టారు. 1912 చట్టం పేరులోనే పిచ్చి అన్న మాట ఉండేది. 1987లో ఒకసారి, 2017లో మరోసారి చట్టం మారింది. ప్రతిసారీ మంచికే మారింది. ఆ మంచిని అమలుచేయాల్సిన పునరావాస గృహాలూ, జిల్లా కేంద్రాలూ, సోషల్ వర్కర్లూ సరిపడా రాలేదు. రానంతకాలం ఆ ఖాళీని ఈ రాత్రి నలభై రెండు మందికి మీరూ అక్కా పూడుస్తున్నారు. ఇది సేవ అని పొగిడి ఊరుకునే సంగతి కాదని నా నమ్మకం. ఇద్దరు మనుషుల మీద ప్రభుత్వం మొత్తం మోపిన భారం ఇది.

రెండు గంటల లెక్క. టార్చి వెలుతురు మొహాల మీద పడకుండా నేల మీదకు వేసి, అంచు వెలుగులో ఊపిరి చూస్తూ నడుస్తారు. పంతొమ్మిదో మంచం దగ్గర ఆగిపోతారు. దుప్పటి లోపల వణుకు. నుదుటి మీద చెయ్యి పెడితే కాలిపోతోంది. నూట రెండు. “గొంతు నొప్పి,” అంటుంది ఆమె, మింగలేక మింగుతూ.

మీ పాత వార్డులో అయితే ఒక పారాసిటమాల్, ఉదయం డాక్టరుకు చెప్పడం. అలవాటుగా మీ చెయ్యి మందుల ట్రే వైపు వెళుతుంది. అక్క కేస్ షీటు మీ ముందు పెడుతుంది. “ఈవిడ క్లోజాపిన్ మీద ఉంది సిస్టర్.”

వేరే మందులేవీ పని చేయని కొందరికి క్లోజాపిన్ కొత్త జీవితం ఇస్తుంది. ఈమె విషయంలోనూ అదే జరిగింది. ఏళ్ల తరబడి తనను తిడుతూ ఉండిన గొంతులు తగ్గి, మొదటిసారి పక్క మంచం ఆమెతో కలిసి పచ్చీసు ఆడుతోందట. కానీ అరుదుగా ఆ మందు రక్తంలో తెల్లకణాలను కూల్చేస్తుంది. అందుకే మొదటి పద్దెనిమిది వారాలు వారం వారం రక్తపరీక్ష తప్పనిసరి. ఈమె ఇప్పుడు తొమ్మిదో వారంలో ఉంది. ఈ మందు మీద ఉన్న మనిషికి జ్వరం, గొంతునొప్పి కలిసి వస్తే అది మామూలు జ్వరం కాదని తేలేదాకా మామూలు జ్వరం అనుకోకూడదు.

డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేస్తారు. నిద్రమత్తులో ఉన్న గొంతు క్లోజాపిన్ అన్న మాట వినగానే తేరుకుంటుంది. పీజీ డాక్టరమ్మ చెప్పులు టకటకలాడించుకుంటూ వస్తుంది. రక్తం తీస్తారు, అత్యవసరం అని రాసి పంపుతారు. ఉదయం మోతాదు ఆపమని కేస్ షీటులో ఎర్ర సిరాతో రాస్తారు. తడిగుడ్డ వేస్తూ మీరు ఆమె పక్కన కూర్చుంటారు. మందు ఆపితే మళ్లీ ఆ గొంతులు వస్తాయేమోనని ఆమె భయం. “వాళ్లు రారు కదా సిస్టర్?” అని మాటిమాటికీ అడుగుతుంది. రారని మాటివ్వలేరు. “వస్తే నాకు చెప్పు. నేనిక్కడే ఉంటాను,” అంటారు. ఐదున్నరకు ల్యాబ్ నుంచి ఫోన్. తెల్లకణాలు తగినన్ని ఉన్నాయి. గొంతు ఇన్ఫెక్షనే. అక్క గోడకు చేరగిలబడి కళ్లు మూసుకుంటుంది. ఆమె రెండు నిమిషాలు అలాగే ఉండిపోవడం మీరు చూస్తారు.

పదిహేడో మంచం ఖాళీగా ఉందని మీకు అప్పుడే స్పృహకు వస్తుంది. పరుపు చుట్టి పెట్టి ఉంది. అక్క అటు చూడకుండానే చెబుతుంది. పోయిన ఏడాది వెళ్లిపోయిన ముసలావిడ మంచం అది. ముప్పై ఏళ్లకు దగ్గర ఇక్కడే. చివరికి గుండె ఆగింది. కేస్ షీటులో ఉన్న ఊరికి పోలీసుల ద్వారా కబురు వెళితే, మాకేం సంబంధం లేదని జవాబు వచ్చింది. వార్డులో సిస్టర్లూ ఎఫ్‌ఎన్‌ఓలూ తలా కాస్త వేసుకున్నారు. పసుపు, కొత్త చీర, గాజులు. ఆవిడకి ఆకుపచ్చ ఇష్టమని ఆకుపచ్చదే కొన్నారు. రిపోర్ట్ బుక్కులో మరణించిన సమయం, సమాచారం ఇచ్చిన సమయం, శవం అప్పగించిన సమయం ఉన్నాయి. చీర రంగు లేదు. అలాంటిది రాసే గడి ఏ రిజిస్టరులోనూ ఉండదు.

ఆరు దాటాక వార్డు ఒక్కసారిగా లేస్తుంది. పళ్లపొడి, స్నానాలు, బహిష్టులో ఉన్నవాళ్లకు ప్యాడ్లు, పక్క తడిపినవాళ్లకు మార్పిడి బట్టలు, ఇరవై నిమిషాలుగా కుళాయి వదలకుండా నీళ్లు తాగుతున్న ఆమెను మాటల్లో పెట్టి పక్కకు తీసుకురావడం. ఎక్కువ నీళ్లు తాగితే ఆమెకు రక్తంలో ఉప్పు పడిపోయి ఫిట్స్ వస్తాయి, ఇదివరకు వచ్చాయి. తర్వాత తలదువ్వుళ్లు.

తలల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఒకప్పుడు ఇలాంటి ఆస్పత్రుల్లో అందరికీ గుండు కొట్టించేవారు. ఒకే రంగు గౌను తొడిగేవారు. ఇష్టం లేకుండా జుట్టు తీయకూడదని, సొంత బట్టలు కట్టుకోవాలనుకుంటే యూనిఫాం బలవంతపెట్టకూడదని 2017 చట్టం చెప్పింది. ఆడమనిషికి జుట్టంటే ఏమిటో తెలిసినవాళ్లెవరికీ ఆ నిబంధన ఎందుకో చెప్పనక్కర్లేదు. కానీ చట్టం జుట్టు నిలిపిన ఆ నలభై రెండు తలలకీ నూనె రాయాలి, పేలు దువ్వాలి, మందు పట్టించాలి, చిక్కు తీయాలి. చీర కట్టుకునే హక్కు ఇస్తే, ఆ చీరతో ఎవరైనా ఉరి వేసుకోకుండా చూసే కళ్లూ కావాలి. నర్సులు భయపడేది హక్కుకు కాదు, చేతులు చాలకపోవడానికి. హక్కులతోపాటు చేతులనూ మంజూరు చేయాలి. ఈ రెండూ విడివిడి ఫైళ్లుగా తిరిగినన్నాళ్లూ ఉదయం ఆరింటికి ఈ వరండాలో ఒక పేలదువ్వెన, ఒక అక్క, మీరు.

వరండా మెట్టు మీద ఒకామె దువ్వించుకుంటూ చింతపిక్కలు ఆడిస్తోంది. యాభై అయిదేళ్లుంటాయి. ఒక్కో పిక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలబెట్టి, రెండో చేత్తో కొట్టినట్టు చేసి, పక్కకు విసిరి, ఇంకొకటి తీసుకుంటుంది. ఒకటే వేగం. చూపు చేతుల మీద లేదు. ఆమె వేళ్ల కొసలు నల్లగా, పాత మచ్చలతో బిరుసెక్కి ఉన్నాయి. కేస్ షీటులో ‘చేతులకు పాత కాలిన మచ్చలు’ అని ఉంది. అడ్రసు రాజమండ్రి. ఆ అడ్రసులో ఆమెను ఎరిగినవాళ్లు ఎవరూ లేరని ఉత్తరం ఎప్పుడో తిరిగొచ్చింది.

ఆ చేతుల్ని మీరు ఎక్కడో చూశారు. మీ చిన్నప్పుడు పలాసలో మేనత్తగారింటి పక్క షెడ్డులో వరసగా కూర్చున్న ఆడవాళ్లవి అలాంటి చేతులే. జీడిపిక్క పెంకులోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఎంత బూడిద రాసుకున్నా వేళ్లు నల్లబడతాయి. మీరు ఆమె పక్కన కూర్చుని అడుగుతారు, “జీడిపిక్కలు కొట్టేదానివా అమ్మా?”

చేతులు ఆగుతాయి. “బద్ద విరగ్గూడదు,” అంటుంది. “బద్ద విరిగితే కూలి కోసేత్తారు.”

ఇరవై ఏళ్లుగా ఆమెను కన్నబిడ్డలా చూసుకున్న అక్కకు జీడి బట్టీ ఎప్పుడూ తారసపడలేదు. మీకు తారసపడింది. ఇలాంటివి నర్సింగు పుస్తకంలో ఉండవు. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో, ఎవరి చిన్నతనంలో ఏముందో, దాని మీద ఆధారపడి ఒక మనిషి ఇంటిదారి తెరుచుకుంటుంది లేదా తెరుచుకోదు. మీరు రిపోర్ట్ బుక్కులో నాలుగు వాక్యాలు రాస్తారు. సోషల్ వర్కర్ కోసం ఎనిమిది దాటినా కూర్చుంటారు.

తర్వాతి మూడు నెలలు ఫోన్లలో, ఉత్తరాల్లో గడిచిపోతాయి. సోషల్ వర్కర్ ఫొటో పట్టుకుని పలాస-కాశీబుగ్గ చుట్టుపక్కల జీడి ఫ్యాక్టరీలన్నీ తిరుగుతాడు. ఒక ముసలి కూలీ గుర్తుపడుతుంది. ఊరు తెలుస్తుంది. భర్త పోయాడు. కూతురు ఉంది. తల్లిని తీసుకెళ్లినప్పుడు ఆమెకు ఆరేళ్లు. అమ్మ చచ్చిపోయిందని చెప్పి పెంచారు.

ఇప్పుడు మీరు ఆస్పత్రి వ్యానులో ఉన్నారు. పక్కన ఆమె, వెనక సీటులో అక్క, ముందు సోషల్ వర్కర్. శ్రీకాకుళం దాటాక కిటికీలోంచి జీడితోటలు మొదలవుతాయి. ఆమె ఏమీ మాట్లాడదు. చేతులు మాత్రం ఒళ్లో కదులుతూనే ఉన్నాయి. ఇలాంటి ప్రయాణాలు కొన్ని తాళం వేసిన ఇంటి ముందు ముగుస్తాయని సీనియర్ సిస్టర్ మీకు ముందే చెప్పి పంపింది. అందుకే ఎవరూ ఏ మాటా ఇవ్వలేదు.

ఇల్లు రేకులది. కూతురు గుమ్మంలో నిలబడి ఉంది, చంకలో పిల్లాడు. తల్లి ఆమెను చూసి గుర్తుపట్టదు. గుర్తుపట్టే వీలేది, ఆమె వెతుకుతున్నది ఆరేళ్ల పిల్లనైతే? కూతురు కూడా దగ్గరికి రాదు. ఊరు ఊరంతా ముంగిట్లో గుమిగూడింది. ఎవరో కుర్చీ తెస్తారు. ఎవరో గ్లాసుతో నీళ్లిస్తారు. కాగితాల మీద సంతకాలవుతాయి. తల్లి అరుగు మీద కూర్చుంటుంది. పిల్లాడు పాకుతూ ఆమె వేళ్లు పట్టుకుని చూస్తాడు.

అప్పుడు కూతురు మిమ్మల్ని పెరటివైపు తీసుకెళ్లి, గొంతు తగ్గించి అడుగుతుంది. “మాయమ్మ ఏటి తింటాదండి?”

చెబుతారు. టీలో పంచదార రెండు చెంచాలు, తక్కువైతే తాగదు. వంకాయ తినదు. పచ్చడి ఉంటే చాలు. రాత్రి దీపం పూర్తిగా ఆర్పకూడదు. స్నానానికి వెళితే తలుపు గడియ పెట్టదు, పెట్టమని బలవంతం చేయొద్దు. కూతురు ఒక నోటుబుక్కు తెచ్చుకుని రాసుకుంటుంది. మాత్రలు ఉదయం ఒకటి, రాత్రి రెండు. ఇంజెక్షన్ నెలకోసారి, శ్రీకాకుళం పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీలో. తేదీ చీటీ మీద ఉంది. ఆస్పత్రికి వెళ్లలేనప్పుడు మాట్లాడటానికి టెలిమానస్ ఉంది, 14416, డబ్బు ఖర్చు కాదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఆమె రాయడం ఆపి తలెత్తుతుంది. “మల్లీ ఎక్కువైతే... కట్టెయ్యాలా అండి? మా నాయిన మంచానికి కట్టేసేవోడంట. ఊర్లో చెప్తారు.”

“కట్టకూడదమ్మా. ఎప్పుడూ కట్టకూడదు. నీకు ముందే తెలుస్తుంది, విను. అరవడం మొదలవకముందు రెండు మూడు రోజులు నిద్ర తగ్గుతుంది. రాత్రి లేచి సామాను సర్దుతూ ఉంటుంది, అన్నం వదిలేస్తుంది. అప్పుడే మందు సరిగా మింగుతోందో లేదో చూడు. అప్పుడే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. ముదరకముందు పట్టుకుంటే ఇంట్లోనే తగ్గిపోతుంది.”

నోటుబుక్కు తీసుకుని చివరి పేజీలో మీ సొంత నంబరు రాస్తారు. ఆమె చదివి చూసుకుని, ఏడు ఒకటిలా ఉందని మళ్లీ దిద్దిస్తుంది.